ఏ ప్లాస్టిక్‌కు ఆ అతుకే!

విజయవాడలో మా అన్నయ్య కూతురు స్కూటర్ మీద కాలేజీకి వెళ్తుంది. పోయిన వేసవిలో ఓ సాయంత్రం స్టాండు సరిగా పడక బండి గోడ మీదికి ఒరిగింది. రెండుచోట్ల దెబ్బ తగిలింది. ముందున్న రంగు ప్యానెల్ మీద వెంట్రుకంత పగులు. వెనక చక్రం పక్కనుండే నల్ల ప్లాస్టిక్ గార్డుకు మాత్రం జానెడు చీలిక.

"దీనికి షోరూముకు ఎందుకూ? వాడు మొత్తం సెట్టు మార్చాలంటాడు" అని అన్నయ్య కిరాణా కొట్టు నుంచి చిన్న గమ్ము ట్యూబు తెచ్చాడు. చుక్క వేస్తే క్షణాల్లో పట్టేస్తుందే, ఆ గమ్ము. రెండు పగుళ్ల మీదా పోశాడు. నిమిషంలో రాయిలా బిగుసుకుంది. "చూశావా, ఖర్చు పది రూపాయలు" అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

నాలుగో రోజు స్పీడ్‌బ్రేకర్ దగ్గర నల్ల గార్డు సగం విరిగి రోడ్డు మీద పడిపోయింది. అమ్మాయి గమనించలేదు. ఇంటి సందు మలుపు తిరుగుతుంటే వెనక్కి జారిన చున్నీ ఆ ఖాళీలోంచి చక్రంలోకి వెళ్లింది. బండి నడక వేగంలో ఉంది కాబట్టి సరిపోయింది. చున్నీ చిరిగింది, మెడ మీద ఎర్రగా ఓ చార పడింది. అంతటితో పోయింది. అదే బందరు రోడ్డు మీద అయ్యుంటే? ఆ మాట ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ పైకి అనరు.

ప్లాస్టిక్ ముక్క పగిలితే అందం పోతుందనే అనుకుంటాం. కానీ బండి మీద ఉన్న ప్రతి ప్లాస్టిక్కూ అందం కోసమే కాదు. వెనక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. 123వ నిబంధన అది. మోటార్ సైకిళ్లకు చీర గార్డు వచ్చింది అందుకే. స్కూటర్లలో చాలావరకు ఆ పని చేసేది పక్కనుండే ప్యానెళ్లూ, గార్డులే.

కాబట్టి పగులు కనిపిస్తే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ ముక్క చేస్తున్న పని ఏమిటి? ఇది ఏ ప్లాస్టిక్? అన్నయ్య రెండూ వేసుకోలేదు. నిజం చెప్పాలంటే అప్పటికి నేనూ వేసుకునేవాణ్ణి కాదు.

వెనక్కి తిప్పి చదివిన పెద్దాయన

మర్నాడు ఆటోనగర్‌కు వెళ్లాం. ప్లాస్టిక్ వెల్డింగ్ చేసే ఓ పెద్దాయన ఉన్నాడని మెకానిక్ చెప్పాడు. రేకుల షెడ్డు, రెండు వేడి కడ్డీలు, మూల గోనెసంచి నిండా విరిగిన బంపర్ల ముక్కలు. ఒకప్పుడు వీధుల్లో తిరిగి బకెట్లకూ బిందెలకూ అతుకులు వేసేవాడట. వాళ్ల నాన్న సత్తు గిన్నెలకు మాట్లు వేసేవాడట.

అన్నయ్య రెండు ముక్కలూ ముందు పెట్టాడు. ఆయన పగులు వైపు చూడనే లేదు. ముక్కల్ని వెనక్కి తిప్పి వెలుతురులో పెట్టి చూశాడు. "ఇది ఒక జాతి, అది ఒక జాతి. రెంటికీ ఒకే గమ్ము పోశారేంటి సార్?" అన్నాడు. ఇంగ్లీషు చదవడం రాదు. కానీ ఆ అక్షరాల ఆకారం చూసి ఏది ఏదో చెప్పేస్తాడు.

నిజమే. బండి ప్లాస్టిక్ భాగాల్లో చాలావాటికి లోపలివైపు రెండు బాణపు మొనల మధ్య ఇంగ్లీషు అక్షరాలు అచ్చు పోసి ఉంటాయి. ఏబీఎస్ అనో, పీపీ అనో, పీసీ ప్లస్ ఏబీఎస్ అనో. అది ఆ ప్లాస్టిక్ కులగోత్రం. బ్రేకుల ఏబీఎస్ వేరు, ఈ ఏబీఎస్ వేరు. అది చూసి బండికి ఖరీదైన బ్రేకులున్నాయని మురిసిపోకండి!

స్కూటర్లకూ బైకులకూ రంగు వేసి మెరిసే ప్యానెళ్లు ఎక్కువగా ఏబీఎస్. రంగు వేయని నల్ల ముక్కలు, చక్రం లోపలి మడ్‌గార్డులు ఎక్కువగా పీపీ, అంటే పాలీప్రొపిలీన్. కార్ల బంపర్లు సాధారణంగా పాలీప్రొపిలీన్‌లో రబ్బరు కలిపినవి. మన మెకానిక్‌లు అన్నింటినీ కలిపి 'ఫైబర్' అంటారు. ఆ మాట నమ్మి గమ్ము కొంటే అన్నయ్య కథే అవుతుంది.

అక్షరాలు అరిగిపోతే ఓ చిన్న పరీక్ష ఉంది. ముక్క లోపలివైపు, కనపడని మూల, దూదిపుల్లతో ఒక చుక్క అసిటోన్ రాయండి. కాసేపటికి జిగటగా మారి వేలికి అంటుకుంటే ఏబీఎస్ అయ్యే అవకాశం ఎక్కువ. ఏమీ కాకపోతే పీపీ కావచ్చు. నీళ్లలో వేసే పరీక్ష కూడా కొందరు చెప్తారు. శుద్ధమైన పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది. కానీ బండి భాగాల్లో పీపీకి సున్నపురాయి పొడిలాంటివో, టాల్క్‌లాంటివో కలుపుతారు. అప్పుడు అదీ మునగొచ్చు. కాబట్టి తేలితే నమ్మండి, మునిగితే నమ్మకండి.

గమ్ము చేసిన తప్పేమిటి?

గమ్ముది తప్పు కాదు, వాడిన చోటు తప్పు. ఆ క్షణాల గమ్ము అసలు పేరు సైనోఅక్రిలేట్. 1942లో అమెరికాలో హ్యారీ కూవర్ అనే శాస్త్రవేత్త తుపాకీ గురి చూసే పరికరాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఇది తగిలింది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని విసుగొచ్చి పక్కన పెట్టేశారు. మళ్లీ 1951లో దాని విలువ తెలిసింది. 1958లో గమ్ముగా బజారుకొచ్చింది. విరిగిన కప్పు పిడికి ఇది భేష్. కానీ బిగిశాక గాజులా పెళుసు. బండి ప్యానెల్ రోజంతా అదురుతుంది, వంగుతుంది, ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. వంగే ముక్క మధ్యలో వంగని గీత ఉంటే విరిగేది అక్కడే.

పీపీ విషయంలో ఇంకో చిక్కుంది. ఇటలీ శాస్త్రవేత్త జూలియో నట్టా 1954లో తయారుచేసి చూపించిన ప్లాస్టిక్ ఇది. ఇలాంటి ప్లాస్టిక్‌ల మీద చేసిన పనికి 1963లో ఆయనకూ, జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆమ్లాలకు లొంగదు, నూనెకు లొంగదు. ఆ గుణమే అతుకు దగ్గర అడ్డం తిరుగుతుంది. తామరాకు మీద నీటిబొట్టులా గమ్ము దాని మీద పరుచుకోదు. పైన గడ్డకట్టి కూర్చుంటుందంతే, లోపలికి పట్టు దొరకదు. రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ అయినా మామూలుగా ఇంతే.

"ఏ ప్లాస్టిక్‌కి ఆ ప్లాస్టిక్కే అతుకు సార్. కరిగించి కలపాలి, అంటించకూడదు" అన్నాడు పెద్దాయన. ప్లాస్టిక్ మరమ్మతు శాస్త్రమంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. ఏబీఎస్‌ను మందుతో కరిగించవచ్చు. పీపీని వేడితో కరిగించాలి.

ముందు పగులును ఆపండి

ఏ ప్లాస్టిక్ అయినా మొదటి పని ఒక్కటే. పగులు ఇంకా పాకకుండా ఆపడం. పగులు చివర సూదిమొనలా ఉంటుంది. అదురు బలమంతా ఆ మొన మీదే పడుతుంది. అందుకే రోజుకింత చొప్పున పెరుగుతుంది. సరిగ్గా ఆ చివర రెండు మూడు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం చేస్తే బలం చుట్టూ పంచుకుపోతుంది. పగిలిన ముక్కకు మళ్లీ రంధ్రమా అని మా వదిన ఆశ్చర్యపోయింది. కానీ ఇది చేయకుండా ఎంత గొప్పగా అతికినా పగులు పక్కనుంచి దారి వెతుక్కుంటుంది. చివర ఎక్కడుందో తెలియాలంటే ముక్కను మెల్లగా వంచి చూడండి. కంటికి కనిపించేదానికంటే కాస్త ముందుదాకా వెళ్లి ఉంటుంది.

ఆ తర్వాత ప్యానెల్ విప్పి సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. పాత గమ్ము ఉంటే బ్లేడుతో గీకేయాలి. విప్పేటప్పుడు తొందర వద్దు. లోపల లాకులుంటాయి. మొండిగా లాగితే పగులు ఒకటి, విరిగిన లాకులు మూడు అవుతాయి. చలికాలం పొద్దున్నే అయితే కాసేపు ఎండలో ఉంచి విప్పండి. ప్లాస్టిక్ కాస్త మెత్తబడి మాట వింటుంది.

ఏబీఎస్ అయితే...

ఇది ఇంట్లో ఓపికగా చేసుకోగల పని. అదే రకం ఏబీఎస్ ముక్కలు కావాలి. మెకానిక్ షెడ్డులో విరిగిన ప్యానెల్ అడిగితే ఇస్తారు. రంగు గీకేసి గోళ్లంత ముక్కలు చేసి గాజు సీసాలో వేయండి. మునిగేదాకా అసిటోన్ పోసి మూత పెట్టండి. ఓ రాత్రి గడిస్తే దోసెల పిండిలా చిక్కటి ముద్ద తయారవుతుంది. గోళ్ల రంగు తుడిచే మందు వాడొచ్చా అంటే, వాటిలో కొన్నింట్లో అసిటోన్ ఉండదు. సీసా మీద చదివి తీసుకోండి.

పగులు అంచులు కలిపి పైవైపు టేపు వేయండి. లోపలివైపు పగులు వెంట సగం మందం దాకా 'వి' ఆకారంలో గాడి తీయండి. చుట్టూ గరుకు కాగితంతో రుద్దండి. ఆ గాడిలో ముద్దను పలచగా పూయండి. ఆరాక ఇంకో పూత, పైన సన్నని జాలీ పట్టీ, దాని మీద మరో పూత. ఒకేసారి మందంగా వేస్తే లోపల బుడగలు మిగిలిపోతాయి. ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. అసిటోన్ అంతా ఎగిరిపోయాక మిగిలేది ఒట్టి ఏబీఎస్. అంటే అది అతుకు కాదు, ఒకే ముక్క.

పైవైపు అసిటోన్ చుక్క పడిందా, రంగు లేచిపోతుంది. కాబట్టి పనంతా వెనకవైపే. ఇంకో ముఖ్యమైన మాట. అసిటోన్ పెట్రోలులాగే భగ్గున అంటుకుంటుంది. వంటగదిలో, దేవుడి దీపం దగ్గర, అగరుబత్తి దగ్గర సీసా తెరవొద్దు. గాలి ఆడే వసారాలో, పిల్లలు దూరంగా ఉన్నప్పుడు చేయండి.

పీపీ అయితే...

దీనికి వేడి కావాలి. రేడియో బాగుచేసేవాళ్ల దగ్గరుండే సోల్డరింగ్ కడ్డీ చాలు. అతుకు పుల్లకు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. బిర్యానీ పార్సెల్ వచ్చిన డబ్బాను తిరగేసి చూడండి. త్రికోణం మధ్య 5 అంకె, కింద పీపీ అక్షరాలు ఉన్నాయా? అదే కావలసింది. కడిగి, జిడ్డు పోగొట్టి, సన్నని పట్టీలుగా కత్తిరించుకోవచ్చు. త్రికోణంలో 2 ఉంటే అది వేరే ప్లాస్టిక్, పీపీతో సరిగా కలవదు. ఈ అంకెల పద్ధతిని 1988లో అమెరికాలోని ప్లాస్టిక్ పరిశ్రమల సంఘం మొదలుపెట్టింది. రీసైక్లింగ్ కోసం పెట్టిన గుర్తు మనకు ఇలా అక్కరకొస్తుంది.

పగులు వెంట కడ్డీతో గాడి చేయాలి. గాడి అంచులూ పట్టీ రెండూ ఒకేసారి కరగాలి. కరిగినవాటిని కడ్డీ మొనతో ఒకదాంట్లోకి ఒకటి కలపాలి. పైన పూత పూసినట్టు రాస్తే గోరుతో లేచిపోతుంది. వెనకవైపు సన్నని స్టీలు జాలీ ముక్కను వేడి చేసి ప్లాస్టిక్‌లోకి దింపితే ఇంటి శ్లాబులో ఇనుములా పనిచేస్తుంది. పీపీ సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పొగ వచ్చేదాకా కాల్చారంటే దాని సత్తువ పోయినట్టే. నీళ్లు చల్లి చల్లార్చొద్దు, దానంతటదే చల్లారాలి.

ఏ ప్లాస్టిక్ కాలినా ఆ పొగ మంచిది కాదు. ఆరుబయట గాలికి ఎదురుగా కాక పక్కగా కూర్చోండి. చేయి తిరగకపోతే మొదట పార్సెల్ డబ్బా ముక్కల మీదే సాధన చేయండి. అదీ వద్దనుకుంటే వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. కొత్త ప్యానెల్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. కాకపోతే వెళ్లగానే "ఇది ఏ ప్లాస్టిక్?" అని అడగండి. ముక్కను తిప్పి చూసి చెప్పేవాడికి ఇవ్వండి. "ఏదైతే ఏంటి సార్" అనేవాడికి వద్దు.

అతకకూడనివి

ఆ రోజు పెద్దాయన ముందు ప్యానెల్‌ను అరగంటలో అతికి ఇచ్చాడు. వెనక గార్డును మాత్రం ముట్టుకోలేదు. "స్క్రూ పట్టే చెవులు రెండూ పోయాయి. అతికితే అతుకుద్ది. కానీ ఆడపిల్ల ఎక్కే బండి. కొత్తది వేయించండి" అన్నాడు. పోగొట్టుకున్నది తన బేరమే. అయినా అనేశాడు. మొదటి రోజే తెచ్చి ఉంటే చీలిక ఒక్కటే ఉండేదనీ, చెవులు అప్పటికి బాగానే ఉండేవనీ కూడా అన్నాడు. అన్నయ్య ఏమీ మాట్లాడలేదు.

అతకవలసినవీ, అతకకూడనివీ ఎక్కడ విడిపోతాయో ఆయన మాటలో ఉంది. రంగు ప్యానెల్, డూమ్, నంబరు ప్లేటు ఫ్రేము, కారు తలుపు లోపలి పట్టీ లాంటివి నిరభ్యంతరంగా అతికించుకోవచ్చు. చక్రం పక్కనుండే గార్డుకు స్క్రూలు పట్టే చోటు బాగుంటేనే అతుకు. హెల్మెట్ పగిలితే మాత్రం అతుకు ఆలోచనే వద్దు. పై పెంకు కనపడినంత చిన్నగా ఉన్నా లోపలి థర్మాకోల్ లాంటి పొర అప్పటికే నలిగి ఉంటుంది. కారులో స్టీరింగ్ మధ్య, డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ మూతలుంటాయి. అవి ప్రమాదంలో ఎలా తెరుచుకోవాలో లెక్కగట్టి చేసినవి. వాటి మీద గమ్మూ జాలీ పెడితే తెరుచుకోవలసిన క్షణంలో తెరుచుకోకపోవచ్చు, లేదా ఆ ముక్కే ఎగిరి ముఖానికి తగలొచ్చు. ప్లాస్టిక్ పెట్రోలు ట్యాంకు దగ్గరికి వేడి కడ్డీ తీసుకెళ్లడం సంగతి చెప్పనే అక్కర్లేదు.

పగలకుండా చూసుకుంటే?

పగుళ్లన్నీ దెబ్బలతోనే రావు. సర్వీసింగ్‌లో విప్పిన ప్యానెల్‌ను బిగించేటప్పుడు ఒక స్క్రూ తక్కువైతే "ఏం కాదులే" అంటారు. నాలుగు చోట్ల పంచుకోవలసిన అదురు మూడింటి మీద పడుతుంది. నెలల్లో ఆ మూడింట్లో ఒక చెవి చీలుతుంది. సర్వీసింగ్ నుంచి బండి రాగానే ఒకసారి చుట్టూ తిరిగి ప్యానెళ్లను వేళ్లతో తట్టండి. గలగలమన్నచోట స్క్రూయో, రబ్బరు వాషరో లేదని అర్థం. అలాగని మరీ బిగించినా ఆ చుట్టే పగులుతుంది.

రెండో శత్రువు ఎండ. ఏబీఎస్‌కు గట్టిదనం ఇచ్చేది అందులోని రబ్బరు భాగం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ముందు దాన్నే తింటాయి. రంగు పూత ఉన్నంతకాలం కాపాడుతుంది. గీతలు పడి రంగు లేచినచోట పసుపురంగుకు తిరిగి పెళుసెక్కుతుంది. కార్ల లోపల ఇంకా ఘోరం. 2018లో అమెరికాలోని అరిజోనాలో పరిశోధకులు బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటసేపు ఎండలో నిలిపిన కార్లను కొలిస్తే డాష్‌బోర్డు వేడి సగటున 69 డిగ్రీలు వచ్చింది. మన విజయవాడ, రామగుండం ఎండల సంగతి వేరే చెప్పాలా? చెట్టు నీడ దొరక్కపోతే పాత దుప్పటి కప్పినా మేలే.

మూడోది మనం చేతులారా చేసేది. మెరుపు కోసం పెట్రోలుతోనో, కిరోసిన్‌తోనో ప్లాస్టిక్ తుడవడం. ఏబీఎస్‌కు పెట్రోలు పడదు. బ్రేకు ఆయిల్ అస్సలు పడదు. అప్పుడు మెరుస్తుంది, తర్వాత స్క్రూల చుట్టూ సాలెగూడులా పగుళ్లు లేస్తాయి. సబ్బునీళ్లు, మెత్తని గుడ్డ చాలు.

మా అన్నయ్య కూతురు ఇప్పుడు బండెక్కే ముందు చున్నీ నడుముకు ముడివేస్తోంది. అన్నయ్య ఆదివారం బండి తుడుస్తూ గొంతుక్కూర్చుని వెనక చక్రం వైపు చూస్తున్నాడు. మీరూ ఈ ఆదివారం బండి తుడిచేటప్పుడు ఆ పక్కకు ఒకసారి వంగండి. ఎక్కడైనా ముక్క ఊగుతుంటే చూసీచూడనట్టు పోకండి. విప్పి, వెనక్కి తిప్పి, ఏం రాసుందో చదవండి. గమ్ము సంగతి తర్వాత.